భూమి కొడుకులకు, భరణం కూతుళ్లకు: అన్నా పార్నెల్ కుటుంబ చరిత్ర – ఒక పరిశీలన

వంశచరిత్ర సాధారణంగా ఆస్తి నడిచిన దారినే నడుస్తుంది. ఆస్తి దక్కినవారి పేర్లు దస్తావేజుల్లో నిలుస్తాయి. దక్కనివారు ఎవరో ఒకరి కూతురిగానో, చెల్లెలిగానో మిగిలిపోతారు. ఐర్లండ్ భూపోరాట నాయకురాలు అన్నా పార్నెల్ (1852–1911) చాలాకాలం చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్ చెల్లెలిగానే గుర్తింపు పొందింది. ఆమె రాజకీయ దృష్టిని అర్థం చేసుకోవాలంటే అన్న నాయకత్వం కన్నా ముందు ఆ కుటుంబపు ఆస్తి పంపకాన్ని పరిశీలించాలి.

పార్నెల్‌లు ప్రొటెస్టెంట్ భూస్వాములు. అన్నా ముత్తాత సర్ జాన్ పార్నెల్ ఐర్లండ్ ఆర్థికమంత్రిగా ఉంటూ, బ్రిటన్‌లో ఐర్లండ్ విలీనాన్ని వ్యతిరేకించి 1799లో పదవి కోల్పోయాడు. తల్లి డీలియా అమెరికన్. ఆమె తండ్రి చార్లెస్ స్టూవర్ట్ 1812లో మొదలైన యుద్ధంలో బ్రిటిష్ నౌకలతో పోరాడిన నౌకాధికారి. ఈ విధంగా ఉభయవంశాల నుంచీ ధిక్కారమే వారసత్వంగా వచ్చింది.

ఆస్తి మాత్రం అలా రాలేదు. 1859లో తండ్రి జాన్ హెన్రీ మరణించినప్పుడు భూములు కొడుకులకు చెందాయి. విక్లో ప్రాంతంలోని ఏవన్‌డేల్ చార్లెస్‌కు దక్కింది. కూతుళ్లకు మిగిలింది సోదరుల భూముల ఆదాయం నుంచి అందవలసిన స్వల్ప వార్షిక భరణమే. అంటే కౌలుదారు చెల్లించే కౌలుపైనే అన్నా జీవనం ఆధారపడింది. ఆ భూమిపై మాత్రం ఆమెకు ఏ అధికారమూ లేదు.

ఈ స్థితిలో ఆమె 1881 జనవరిలో డబ్లిన్‌లో మహిళా భూసమితికి నాయకత్వం వహించింది. ఆమె అక్క ఫానీ అంతకుముందే న్యూయార్క్‌లో అటువంటి సంస్థను స్థాపించింది. అక్టోబరులో చార్లెస్, ఇతర నాయకులు అరెస్టయి, కౌలు చెల్లించవద్దని జైలు నుంచి ప్రకటన చేశారు. ఉద్యమభారం స్త్రీలపై పడింది. వెళ్లగొట్టబడిన కుటుంబాలకు వారు కొయ్య గుడిసెలు వేయించారు, ఖైదీలను పోషించారు. తన భరణానికి ఆధారమైన కౌలునే నిరాకరించమని చెప్పే పోరాటాన్ని అన్నా నడిపింది.

1882 మేలో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి చార్లెస్ విడుదలయ్యాడు. జూలైలో ఫానీ మరణించింది. ఆగస్టులో మహిళా సమితి రద్దయింది. దాని అప్పులు తీర్చడానికి పురుష నాయకులు పెట్టిన షరతు అదే. అన్నా మళ్లీ అన్నతో మాట్లాడలేదు. 1907లో ఆమె రాసిన ఉద్యమ చరిత్ర, కౌలు నిరాకరణ విషయంలో పురుష నాయకత్వపు చిత్తశుద్ధినే ప్రశ్నిస్తుంది. అది 1986లో గాని అచ్చుకాలేదు.

ఇంగ్లండ్‌లోని ఇల్‌ఫ్రాకూంబ్‌లో మారుపేరుతో జీవిస్తూ, 1911లో సముద్రస్నానం చేస్తుండగా ఆమె మునిగి మరణించింది. ఏవన్‌డేల్ నేటికీ పార్నెల్ పేరుతో సందర్శకులను ఆకర్షిస్తోంది. వంశం పేరు ఇంటితో నిలిచింది. వంశపు ధిక్కారాన్ని చివరిదాకా నిలిపిన ఆడబిడ్డ సమాధి పరాయి తీరంలో ఉంది.