లక్క పళ్లెం నుంచి అంకెల దాకా

గ్రామఫోను రికార్డు మీద పాట గాడి రూపంలో ఉంటుంది. అంచు నుంచి నడిమికి చుట్టలు చుట్టుకుంటూ పోయే ఒకే ఒక్క సన్నని గాడి అది. గాయకుని గొంతు గాలిని ఎలా కదిలించిందో దానికి అనుగుణంగా ఆ గాడి వంకరలు తిరిగి ఉంటుంది. అందులో ముల్లు నిలిపి పళ్లేన్ని తిప్పితే ఆ కదలిక మళ్ళీ పుడుతుంది. 1887లో ఎమిల్ బెర్లినర్ గ్రామఫోనుకు పేటెంటు పొందిన నాటి నుంచి ఈ మూలసూత్రం మారలేదు. రికార్డును కంప్యూటర్లోకి ఎక్కించడమంటే ఆ కదలికను అంకెలుగా రాసుకోవడమే. చూడటానికి ఇది ఒక తీగ తగిలించి మీట నొక్కే పని. కాని ఆ తీగ వెనుక నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అది తెలియక చేసిన నకలు అసలుకు ద్రోహం చేసే ప్రమాదం ఉంది.

ఈ చరిత్రతో మన దేశానికి ఉన్న సంబంధం చిన్నది కాదు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ లండన్ నుంచి కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ ప్రభృతుల పాటలను రికార్డు చేశాడు. ఆ మాతృకలు జర్మనీలోని హానోవర్‌కు వెళ్ళి, అక్కడ రికార్డులుగా అచ్చయి తిరిగివచ్చేవి. 1908లో కలకత్తాలోనే కర్మాగారం వెలసింది. అసలు ఆ పళ్లేలకు ముఖ్యమైన ముడిసరుకు షెలాక్. అది మన అడవులలో చెట్ల కొమ్మల మీద లక్కపురుగు పెట్టే లక్క నుంచి వచ్చేదే. రాతిపొడి వగైరాలు కలిపి అచ్చువేసిన ఆ పళ్లెం గట్టిదే కాని పెళుసు. చేయి జారితే ముక్కలే. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక పక్క సుమారు 3 నిమిషాల పాటే పట్టేది. మన నాటక పద్యాలూ, కీర్తనలూ ఆ కొలతలో ఇమడవలసి వచ్చాయి. 1948లో కొలంబియా సంస్థ వినైల్‌తో చేసిన ఎల్‌.పి.ని తెచ్చాక, నిమిషానికి 33⅓ చుట్లతో ఒక పక్కకు 20 నిమిషాలు దాటి పాట పట్టడం మొదలైంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. గాడిలో ఉన్నది పాట యథాతథ రూపం కాదు. మంద్రస్వరాలను ఉన్నవున్నట్లు చెక్కితే గాడి అటూ ఇటూ విపరీతంగా ఊగి పక్క గాడిలోకి చొచ్చుకుపోతుంది. తారస్వరాలను అలాగే వదిలితే పళ్లెపు గరగరలో మునిగిపోతాయి. అందువల్ల చెక్కేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి, వినేటప్పుడు దానికి సరిగ్గా వ్యతిరేకంగా సవరించుకునే పద్ధతి ఏర్పడింది. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్న విషయంలో మొదట ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క లెక్క. 1954లో అమెరికా రికార్డు పరిశ్రమ సంఘం ఆర్‌.ఐ.ఎ.ఎ. ఒకే ప్రమాణాన్ని నిర్ణయించింది. అంతకు ముందరి 78 రికార్డులను ఈ ప్రమాణంతో వింటే గాయకుని గొంతు మారిపోయినట్లు తోచవచ్చు.

ఈ సవరణ చేసేది ఫోనో ప్రీయాంప్లిఫయరు. సౌండ్ కార్డుకు ఆ సంగతి తెలియదు. పైగా రికార్డు ప్లేయరు ముల్లు నుంచి వచ్చే విద్యుత్తు కొద్ది మిల్లీవోల్టులే. లైన్ ఇన్ రంధ్రం ఆశించేది వందల మిల్లీవోల్టులు. చాలదని తీగను మైకు రంధ్రంలో పెడితే శబ్దం గట్టిగానే వస్తుంది కాని, మంద్రం లేని కీచు పాట మిగులుతుంది.

ఇక లినక్సు సంగతి. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ కెర్నెల్‌ను విడుదల చేసిన తొలి ఏళ్ళలో శబ్దపు భారాన్ని మోసినది హన్ను సావొలైనెన్ రాసిన ఓ.ఎస్‌.ఎస్‌. 1998లో యారొస్లావ్ కిసెలా ఆల్సాను ప్రారంభించాడు. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెల్‌లో అది భాగమైంది. ఎల్‌.పి.ల కోసమే రాసిన గ్రామోఫైల్ అనే చిన్న ప్రోగ్రాము రికార్డు చేసి, పాటల మధ్య నిశ్శబ్దాన్ని పసిగట్టి ముక్కలు చేసి, టిక్కుటిక్కులను తీసివేసేది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఆడాసిటీ 2000లో ప్రజల చేతికి వచ్చింది. శబ్దంలో ఏమీ పోకుండా ఫైలు పరిమాణాన్ని తగ్గించే ఫ్లాక్ 2001లో స్థిరరూపం పొందింది. ఇవన్నీ ఉచితమే, కాని అంతకంటె ముఖ్యమైన గుణం మరొకటి ఉంది. వీటి మూలగ్రంథం బాహాటం. పాటను ఏమి చేస్తున్నాయో ఎవరైనా చదివి తెలుసుకోవచ్చు. యాభై ఏళ్ళ తరవాత కూడా ఆ ఫైలును తెరవడానికి ఏ కంపెనీ అనుమతీ అక్కరలేదు.

అంకెల లెక్క సులువే. 1982లో వచ్చిన సి.డి. ప్రమాణం ప్రకారం సెకనుకు 44,100 సార్లు, రెండు చానళ్ళలో, ఒక్కొక్క కొలతను 16 బిట్లతో రాసుకోవాలి. నిమిషానికి పదిన్నర మెగాబైట్లు; 45 నిమిషాల ఎల్‌.పి.కి సుమారు 476. ఒకప్పుడు ఇది మోయలేని బరువు. అందుకే ఎంతోమంది ఎం.పి.3 చేసి అసలు ఫైలును చెరిపివేశారు.

ఆ చెరిపినవారిలో నేనూ ఒకడిని. బంధువుల ఇంట దొరికిన ఒక పాత నాటక పద్యాల రికార్డును ఎక్కించి, చిటపటలు పోవాలని శుద్ధిచేసే మీటను గట్టిగా తిప్పాను. ఆ ప్రోగ్రాము హఠాత్తుగా లేచి పడే శబ్దాన్ని వెదికి, దాని చోట తన ఊహను పూరిస్తుంది. కాని పద్యంలో 'ట'కారం కూడా హఠాత్తుగా లేచిపడేదే; మద్దెల దెబ్బా అంతే. నకలు నున్నగా వచ్చింది, పద్యంలో పదును పోయింది. ఆ సంగతి గ్రహించేసరికి రికార్డు అడ్డంగా పగిలి ఉంది. మిగిలినది నా ఎం.పి.3 ఒక్కటే.

అందుకని చెప్పదలచినది ఇది. ముందుగా రికార్డును కడిగి, దానికి తగిన ముల్లు వాడండి. 78 గాడి ఎల్‌.పి. గాడి కంటె సుమారు మూడింతలు వెడల్పు, ఎల్‌.పి. ముల్లు దాని అడుగున మట్టిని గీరుతూ పోతుంది. వీలైతే 24 బిట్లతో, సెకనుకు 96,000 కొలతలతో తీసుకోండి. ఏ శుద్ధీ చేయని మొదటి నకలును ఫ్లాక్‌గా రెండు చోట్ల దాచండి. శుద్ధి చేసేది దాని ప్రతి మీదనే. లేబులు మీది ప్రతి అక్షరాన్నీ, రికార్డు సంఖ్యనూ, వాడిన ముల్లునూ, సవరణనూ పక్కన రాసి పెట్టండి.

భారత చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు ప్రచురించిన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్ళు. రచనకూ బాణీకీ లెక్క వేరు. కాబట్టి మన 78 రికార్డులలో అధికభాగానికి రికార్డింగు హక్కు అడ్డు రాదు. అటకల మీద ఉన్నవి ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటిని కిందికి దించేటప్పుడు రెండు చేతులతో, అంచులు పట్టుకుని దించండి.