కొత్త తాళంకప్ప, పాత చట్టం

అద్దె బాకీ పడింది. అద్దెకున్నవాళ్లు పండక్కి ఊరెళ్లిన అదను చూసి ఇంటి ఓనరు పాత కప్ప పగలగొట్టి కొత్తది బిగించాడు. ‘ఇల్లు నాదేగా!’ అని అతని ధీమా. ఆ ధీమాకు మన చట్టం 1859లోనే గండికొట్టింది.

ఆ ఏడాది వచ్చిన కాలపరిమితి చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, న్యాయమార్గంలో కాకుండా స్వాధీనం పోగొట్టుకున్నవాడు ఆరు నెలల్లోగా దావా వేస్తే దాన్ని తిరిగి ఇప్పించాలి. అవతలివాడు ఎంత గట్టి దస్తావేజు చూపినా సరే. ఇదే 1877లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 9వ సెక్షన్‌గా, 1963లో 6వ సెక్షన్‌గా మారింది. ఈ దావాలో కోర్టు ఇల్లెవరిదని అడగదు. మొన్నటిదాకా లోపల ఎవరున్నారు, ఎలా బయటికొచ్చారు అన్నదే చూస్తుంది. అందుకే ఇక్కడ రిజిస్ట్రేషను కాగితం కన్నా కరెంటు బిల్లు, అద్దె రశీదు ఎక్కువ పనికొస్తాయి. తీర్పుపై అప్పీలు లేదు. ఓనరు తన హక్కు తేల్చుకోవాలంటే వేరే దావా వేసుకోవాల్సిందే. ప్రభుత్వం మీద మాత్రం ఈ దావా చెల్లదు. పాలకులు తమ తలుపు తాము జాగ్రత్తగానే వేసుకున్నారు!

తమాషా ఏమిటంటే, ఈ చట్టం తెచ్చిన ఇంగ్లీషువాళ్ల సొంత గడ్డమీద పద్ధతి వేరు. స్టోక్ పోజెస్ గోల్ఫ్ క్లబ్బు తన కాటేజీలో ఉన్న దంపతులను సామానుతో సహా బయటికి పంపితే, 1920 నాటి తీర్పు క్లబ్బునే సమర్థించింది. నాలుగేళ్లకు మిడ్నపూర్ జమీందారీ కంపెనీ కేసులో మన కేసుల ఆఖరి అప్పీళ్లు వినే లండన్ ప్రీవీ కౌన్సిలే, ఇండియాలో బలవంతపు స్వాధీనం కుదరదు, కోర్టుకు వెళ్లాల్సిందే అంది. అద్దెదారుల గెంటివేతకు అడ్డుకట్టగా ఇంగ్లండులో ప్రత్యేక చట్టం 1964లో గానీ రాలేదు.

స్వతంత్రం వచ్చాక సుప్రీంకోర్టూ ఇదే దారి పట్టింది. ఉండే అనుమతి (లైసెన్సు) గడువు తీరినవాడినైనా దౌర్జన్యంగా గెంటకూడదని 1989లో చెప్పింది. అలాగని అందరికీ ఈ రక్షణ లేదు. వాచ్‌మన్, పనివాడు, ఉచితంగా ఉండనిచ్చిన చుట్టం ఎన్నేళ్లున్నా ఇంటిపై హక్కు పుట్టదని 2012 నాటి గోవా కేసు తేల్చింది.

క్రిమినల్ చట్టం మాత్రం పలచన. వెళ్లే హక్కున్న చోటికి మనిషిని వెళ్లనీయకపోతే, 1860 నాటి శిక్షాస్మృతిలో నెల రోజుల వరకు సాధారణ ఖైదు, లేదా ఐదు వందల వరకు జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చేదాకా ఆ ఐదు వందలు కదల్లేదు. ఇప్పుడు 5,000. ఈ లెక్కన స్టేషన్‌లో ‘ఇది సివిల్ మేటరు’ అని పంపేయడంలో ఆశ్చర్యమేముంది?

తాళం కథ కుటుంబంలోకి వచ్చేసరికి ఇంకా చిక్కుపడింది. ఢిల్లీ అశోక్ విహార్‌లో ఒక కోడలు అత్తింటికి వచ్చేసరికి మెయిన్ గేటుకు తాళం. 2003లో దావా వేసింది. ఉత్తర్వు రాకముందే తాళాలు పగలగొట్టి లోపలికొచ్చిందని అత్తింటివారి ఆరోపణ. ఈలోగా 2005లో గృహహింస నిరోధక చట్టం వచ్చింది. అయినా ఇల్లు అత్త పేరున ఉంది కాబట్టి కోడలికి అక్కడ ఉండే హక్కు లేదని 2006లో సుప్రీంకోర్టు అంది. పద్నాలుగేళ్లకు, 2020 అక్టోబరులో, ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. కాపురమున్న ఇల్లు అత్తమామల పేర ఉన్నా కోడలు నివాసపు హక్కు అడగవచ్చంది. ఆ హక్కు శాశ్వతం కాదనీ, పెద్దవాళ్ల ప్రశాంతతనూ తూకం వేసి చూడాలనీ కూడా అదే తీర్పులో చేర్చింది.