కౌంట్ రూపీ గుర్రం, పల్నాటి జొన్న

పల్నాటి జొన్నకూటిని వెక్కిరించే చాటువులు శ్రీనాథుని పేర చెలామణిలో ఉన్నాయి. నరసరావుపేటలో వాటిని పాఠం చెప్పినప్పుడల్లా విద్యార్థులు నవ్వుతారు. వారిలో ఎందరి తాతలో ఆ కూడే తిన్నవారు. ఆ నవ్వు వింటే నాకు లండనులో అచ్చయిన ఒక బొమ్మ గుర్తుకు వస్తుంది.

1797లో జేమ్స్ గిల్రే వేసిన వ్యంగ్యచిత్రం 'కౌంట్ రూపీ'. రాగిరేకు మీద ఆమ్లంతో గీతలు కొరికించి, కాగితం మీద ఒత్తి, చేత్తో రంగులద్దేవారు ఆ రోజుల్లో. కొనుక్కునేది కలవారు, దుకాణపు అద్దాల ముందు గుమిగూడి ఊరకే నవ్వుకునేది వీధి జనం. బొమ్మలోని రౌతు పాల్ బెన్‌ఫీల్డ్. కంపెనీ కొలువుకు మద్రాసు వచ్చి, ఆర్కాటు నవాబు మహమ్మదాలీకి అప్పులిచ్చి కుబేరుడై, హైడ్ పార్కులో స్వారీ చేసిన ఘనుడు.

ఆ అప్పులు తీర్చినదెవరు? లెక్కల నిజానిజాలు విచారించకుండానే, నవాబు అప్పులకు కర్ణాటక రాబడిలో ఏటా 12 లక్షల వరహాలు కేటాయించాలని 1784లో ఇంగ్లీషు ప్రభుత్వం ఉత్తరువిచ్చింది. 1785 ఫిబ్రవరి 28న ఎడ్మండ్ బర్క్ పార్లమెంటులో దీనిని చీల్చిచెండాడాడు. పాడుపడిన కర్ణాటకపు చెరువులను సైతం ప్రస్తావించాడు. పల్నాడు అప్పుడు ఆ నవాబు ఏలుబడిలోనిదే. కంపెనీ వశమైనది 1801లో. మాచర్ల, గురజాల రైతుల శిస్తు కూడా ఆ రాబడిలోనిదే కదా!

గిల్రే గీత పదునైనదే, కాదనను. కాని అతడు వెక్కిరించినది దొరల సరసన గుర్రమెక్కిన కొత్త డబ్బును. ఆ డబ్బు పుట్టిన చేను బొమ్మలో లేదు. చాటువులో చేను ఉంది, నవ్వులపాలు కావడానికి.

ఈ ఏడు చాటువు చెప్పి, ఆ బొమ్మనూ తరగతిలో చూపించాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక కుర్రవాడు మాత్రం, "ఆ గుర్రానికి గుగ్గిళ్లు ఎవరు పెట్టారండీ?" అని అడిగాడు.