పేరులోనే ఉన్న కొండ

పుంగనూరు చుట్టుపక్కల చెనిక్కాయ చేలగట్ల మీద, చింతతోపుల్లో పిగిలి పిట్టలకు కొదవలేదు. కానీ తలా గొంతూ పసుపు పూసుకున్నట్టుండే పిగిలి ఇంకొకటుంది. అది ఊళ్ల దరికి రాదు. మదనపల్లె దాటి హార్స్లీ కొండ ఎక్కితే ఉంటుంది, పడమట నంది కొండ మీద ఉంటుంది. నడుమనున్న చదును నేలలో మాత్రం దాని జాడ లేదు. వలసపోయే పిట్టా కాదు. మరి ఇలా తునకలు తునకలుగా ఎందుకు బతుకుతోంది?

1840లలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డన్ దీన్ని కొత్త జాతిగా లోకానికి చెప్పాడు. మన కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఈయన పేరే. ఆ తర్వాత చాలాకాలం ఇది అక్కడొకటీ ఇక్కడొకటీ కనబడుతూ, అరుదైన పిట్టగానే మిగిలింది.

అరుదు అనిపించడానికి ఒక కారణం గొంతు. చేలపక్క పొదల్లో తెల్ల కనుబొమ్మతో తిరిగే పొద పిగిలి కూతా, దీని కూతా ఇంచుమించు ఒకటే. కూత విని ‘ఓ, అదేలే’ అనుకుని ముందుకు సాగిపోతే పసుపు గొంతు కంటబడదు.

ఇక తునకలుగా ఎందుకు బతుకుతోందంటే, అందుకు ఆధారం బండలు. ఎస్. సుబ్రమణ్య, జె.ఎన్. ప్రసాద్, ఎస్. కార్తికేయన్ దక్షిణాదిలో దీని ఉనికిని కూడగట్టి 2006లో వ్యాసం ప్రచురించారు. చోట్లన్నీ పటం మీద పెట్టి చూస్తే గుండ్రాళ్లు పేరుకున్న ఎండు గుట్టలే. కేరళలో ఇది కనిపించిన చిన్నార్ కూడా వానలు తక్కువ పడే తూర్పు వాలే.

హార్స్లీ కొండ మీది గాలిబండ దగ్గర తెల్లవారుజామున కూర్చుంటే సంగతి ఇంకాస్త అర్థమవుతుంది. కింద పొలాలు ఎండిపోయినా బండల సందుల్లో చెమ్మ ఉంటుంది. పగుళ్లలో వేరు దింపిన మర్రి, రావి జాతి చెట్లకు పళ్లుంటాయి. నిప్పూ మేకా చొరలేని ఇరుకుల్లో పొదలు దట్టంగా మిగులుతాయి. తిండి, నీడ, పిల్లల్ని పెంచుకునే మరుగు, అన్నీ అక్కడే. అంటే దాని లోకం ఒక అడవి కాదు, చేల సముద్రంలో తేలే రాతి దీవులు.

అసలు ఆధారం జెర్డన్ రాసిన పిట్టల పుస్తకంలోనే ఉంది. తెల్ల కనుబొమ్మ పిట్టకు తెలుగులో ‘పొద పిగిలి’ అని రాసి, దీనికి ‘కొండ పొద పిగిలి’ అని రాశాడు. ఆ పేరు చెప్పింది ఎవరో మనవాళ్లే. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు, అదే నాకు బాధ. పిట్ట ఎక్కడుంటుందో పేరులోనే చెప్పేశారు.

ఇప్పుడు ఆ బండలకే ధర పలుకుతోంది. కుప్పం గ్రీన్ అనే గ్రానైట్ పలకలుగా తెగి ఇళ్లల్లో పరుచుకుంటోంది. చెట్టు నరికితే మళ్లీ మొలుస్తుంది, రాయి మొలవదు. సుమారు రెండు వందల యాభై కోట్ల ఏళ్ల వయసున్న ఈ రాయిని కోశాక, ఆ గుట్ట మీది పిగిలి పక్క గుట్టకు పోవాలంటే చేలు దాటాలి.