న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఒక పేరు కథ

అమెరికా పౌరసత్వం కోసం పెట్టుకునే దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది: "మీ పేరు చట్టప్రకారం మార్చుకోదలిచారా?" అవునంటే కొత్త పేరు అక్కడే రాసెయ్యొచ్చు. కోర్టులో ప్రమాణం చేసే రోజున పాత పేరుతో లోపలికెళ్ళి కొత్త పేరుతో బయటికి రావచ్చన్నమాట. కిందటి వేసవిలో ఆ ఒక్క ప్రశ్న దగ్గర మూడు వారాలు ఆగిపోయాను.

నా పేరుతో నాకున్న తంటా కొత్తదేం కాదు, మీలో సగం మందికి అనుభవమే. మా తాతగారి పేరు నాకు పెట్టారు, వెంకట సత్య సుబ్బారావు అని. ఇంట్లో సుబ్బు. బళ్ళో సుబ్బారావు. వెంకట అని నన్ను పుట్టినప్పటి నుంచీ ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. ఈ దేశంలో దిగిన రోజునుంచీ మాత్రం నేను "వెంకటా". కంప్యూటరు మొదటి మాటని పేరనుకుంది, మిగతావాటిని మధ్యలో ఇరికించి, చివరికి విరిచేసింది. ఏ క్లయింటు దగ్గరికి వెళ్ళినా మొదటి అయిదు నిమిషాలూ పేరుకే సరి. మా టీములో ఒకాయన, పాపం మంచివాడే, "ఎలాగూ ఫారం నింపుతున్నావు కదా, వెన్ అని పెట్టేసుకో, అందరికీ హాయి" అన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది.

మా ఆవిడ మాత్రం, "తాతగారి పేరు తీసేసి 'ఎప్పుడు' అని పెట్టుకుంటారా?" అంది.

అలా తేలకుండా ఉన్న రోజుల్లోనే ఒక శనివారం పిల్లల్ని తీసుకుని న్యూ బెడ్‌ఫర్డ్ వెళ్ళాం. బోస్టన్‌కి దక్షిణంగా కారులో గంట పైచిలుకు దారి. 2025లో రైలు కూడా వేశారు. తొమ్మిదో క్లాసు చదువుతున్న మా పెద్దమ్మాయికి బళ్ళో "మోబీ డిక్" తాలూకు ప్రాజెక్టు ఒకటి ఉంది. ఆ ఊళ్ళో పాత రేవు పేటని 1996లో నేషనల్ పార్క్ చేశారు. పార్కంటే చెట్లూ చేమలూ కాదు, పదమూడు బ్లాకుల ఊరు. వేసవిలో వాలంటీర్లు ఉచితంగా నడిపించి చూపిస్తారు. మాకు దొరికినావిడ రిటైరైన టీచరు. తెల్లటి టోపీ, చేతిలో ఫోటోల ఫైలు. పదిమందిమి వెనకాల బయల్దేరాం.

ముందు ఊరి సంగతి చెప్పాలి. ఈ ఊరు బతికింది తిమింగలాల మీద. వాటి కొవ్వు కాచి తీసిన నూనెతో దీపాలు వెలిగేవి, మిల్లుల్లో యంత్రాలు తిరిగేవి. స్పెర్మ్ తిమింగలం తలలోంచి తీసే మైనంలాంటి పదార్థంతో పొగరాని కొవ్వొత్తులు చేసేవారు. 1810లో కట్టిన కొవ్వొత్తుల కార్ఖానా భవనం నీటి ఒడ్డున ఇంకా ఉంది. ప్రపంచానికి వెలుగిచ్చిన ఊరని చెప్పుకుంటారు.

ఆ వ్యాపారం మొదట ఇక్కడిది కాదు, సముద్రంలో ఉన్న నాంటకెట్ ద్వీపానిది. అక్కడి రేవు ముఖద్వారంలో ఇసుకమేట ఉంది. ఓడలు పెద్దవయ్యేకొద్దీ దాటడం కష్టమైంది. లోతైన రేవున్న న్యూ బెడ్‌ఫర్డ్‌కి పని తరలిపోయింది. ఆవిడ ఈ మాట చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. మాది బందరు. 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు వచ్చి కొట్టు పెట్టుకున్న రేవు. పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేక దూరంగా లంగరేసుకునేవి, సరుకు పడవల మీద రావాల్సిందే. ఇసుకా మట్టీ కలిసి ఒక ఊరినెలా ముంచుతాయో బందరువాడికి వేరే చెప్పాలా.

1857 నాటికి ఈ ఒక్క రేవులో 329 తిమింగలాల ఓడలు, వాటి మీద పదివేల మంది మనుషులు. సరిగ్గా రెండేళ్ళకి, 1859లో, పెన్సిల్వేనియాలో నేలలోంచి పెట్రోలియం తోడారు. కిరసనాయిలు వచ్చాక తిమింగలం నూనె ఎవడిక్కావాలి? పైగా 1871లో ఉత్తర ధ్రువం వైపు వెళ్ళిన 33 ఓడలు మంచులో చిక్కుకుంటే వదిలేసి రావాల్సొచ్చింది. పన్నెండు వందల పైచిలుకు మంది ఒక్కరూ చావకుండా బయటపడటం ఒక్కటే అందులో మంచి మాట. ఓడలు పోయాక ఊరు బట్టల మిల్లులు నమ్ముకుంది. ఇప్పుడు స్కాలప్స్ అనే ఆల్చిప్పల్లాంటివి పట్టి అమ్ముకుంటోంది.

రాళ్ళు పరిచిన వీధుల్లో నడుస్తూ 1836లో పూర్తయిన కస్టమ్స్ హౌస్ దగ్గర ఆగాం. ముందు నాలుగు రాతి స్తంభాలు. ఓడెక్కే ప్రతివాడి వివరాలూ ఇలాంటి ఆఫీసులకి చేరేవట. ఎత్తెంత, ఒంటి రంగేమిటి, జుట్టు రంగేమిటి. ఫోటోలు లేని కాలం మరి. నావికుడు తాను అమెరికన్‌నని చూపించుకోడానికి పైన గద్ద బొమ్మ ఉన్న కాగితం ఒకటి ఇచ్చేవారు. అప్పట్లో అదే పాస్‌పోర్టు. ఈ కాగితాన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

జానీ కేక్ హిల్ అని చిన్న మిట్ట. దాని మీద 1832లో నావికుల కోసం కట్టిన ప్రార్థనామందిరం. ఇరవయ్యొక్క ఏళ్ళ హెర్మన్ మెల్విల్ "అకుష్నెట్" అనే ఓడెక్కే ముందు ఈ ఊరు వచ్చాడు. నది అవతలి ఫెయిర్‌హేవెన్ నుంచి 1841 జనవరి 3న ఆ ఓడ బయల్దేరింది. జీతం ఉండదు, వాటా ఉంటుంది. ఓడ మూడు నాలుగేళ్ళకి తిరిగొచ్చాక నూనె అమ్మగా మిగిలినదాంట్లో కొత్త కుర్రాడికి నూట డెబ్భై అయిదో వంతు, అంతకన్నా తక్కువా కూడా దక్కేది. దాంట్లోంచే వాడు వాడుకున్న బట్టలకీ పొగాకుకీ కోత. డాట్‌కామ్ రోజుల్లో జీతం బదులు స్టాకులు పుచ్చుకున్న మా తరం వాళ్ళకి ఈ లెక్క బాగానే అర్థమవుతుంది. మెల్విల్ పద్దెనిమిది నెలలు ఓపిక పట్టి, 1842 జూలైలో పసిఫిక్‌లోని ఒక దీవిలో ఓడ దిగి పారిపోయాడు.

మందిరం లోపల గోడల నిండా పాలరాతి పలకలు. సముద్రంలో పోయినవాళ్ళ పేర్లు, వయసు, ఏ ఓడ, ఏ సముద్రం. కింద సమాధులు లేవు, శవాలు దొరకలేదు కాబట్టి. పద్దెనిమిదేళ్ళ పిల్లలున్నారు. మా అమ్మాయి పేర్లు చదువుకుంటూ పోతోంది. నాకు 1977 నవంబరు గుర్తొచ్చింది. దివిసీమ ఉప్పెన. మా వైపు వేలమంది కొట్టుకుపోయారు, ఎంతమంది దొరకలేదో. వాళ్ళ పేర్లన్నీ ఇలా ఒక్కొక్కటీ రాయి మీద చదివే చోటు నేనెక్కడా చూళ్ళేదు.

ఇక్కడో తమాషా. "మోబీ డిక్"లో ఈ మందిరాన్ని వర్ణిస్తూ ఉపన్యాస వేదిక ఓడ ముక్కులా ఉంటుందని మెల్విల్ రాశాడు. అది పూర్తిగా కల్పన. 1956లో సినిమా వచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ "ఓడ ముక్కేదీ?" అని అడగటం మొదలెట్టారు. జవాబు చెప్పలేక 1961లో నిజంగానే ఓడ ముక్కు వేదిక కట్టించి పెట్టారు! పుస్తకంలో ఉన్నట్టు ఊరిని మార్చుకున్నారన్నమాట. రాసినాయన మాత్రం చూసుకోలేదు. 1851లో వచ్చిన ఆ పుస్తకం ఆయన బతికుండగా అమెరికాలో అమ్ముడైంది మూడువేల పైచిలుకు ప్రతులే. చివరికి న్యూయార్క్ రేవులో కస్టమ్స్ ఇన్‌స్పెక్టరుగా 19 ఏళ్ళు ఉద్యోగం చేసుకున్నాడు.

గ్రంథాలయం ముందు ఇంకో విగ్రహం ఉంది. లూయిస్ టెంపుల్ అనే నల్లజాతి కమ్మరి. వర్జీనియాలో బానిసగా పుట్టాడు. అప్పటిదాకా విసిరిన బల్లెం తిమింగలం ఒంట్లోంచి జారిపోయేది. 1848లో ఈయన లోపల దిగాక మొన అడ్డంగా తిరిగేలా చేశాడు. పరిశ్రమ మొత్తం దానికే మారిపోయింది. పేటెంటు తీసుకోలేదు. తోటి కమ్మరులందరూ తయారుచేసుకుని అమ్ముకున్నారు. ఆయన 1854లో అప్పులతో పోయాడు.

మిట్టెక్కి సెవెంత్ స్ట్రీట్‌లో ఒక పాత చెక్క ఇంటి ముందు ఆపింది మా గైడు. నేథన్ జాన్సన్, పాలీ జాన్సన్ దంపతుల ఇల్లు. నల్లజాతివాళ్ళు, మిఠాయిల వ్యాపారం. పారిపోయి వచ్చినవాళ్ళకి తలుపు తీసే ఇల్లు.

1838 సెప్టెంబరు 3న బాల్టిమోర్‌లో ఒక ఇరవయ్యేళ్ళ బానిస నావికుడి వేషం వేసుకుని రైలెక్కాడు. పేరు ఫ్రెడరిక్ బెయిలీ. జేబులో స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్న నావికుడి కాగితం. అదే, గద్ద బొమ్మది. అందులో రాసిన మనిషి పోలికలు ఇతనికి సరిపోవు. కండక్టరు నిదానంగా చదివుంటే కథ అక్కడే అయిపోయేది. పైపైన చూసి ఇచ్చేశాడు. న్యూయార్క్ చేరాడు, అక్కడ ఆన్నా మరేని పెళ్ళాడాడు. బానిసల్ని పట్టుకునేవాళ్ళు తిరుగుతున్నారని ఇంటిపేరు జాన్సన్ అని మార్చుకున్నాడు. ఓడ పలకల సందుల్లో నార కూరి తారు పూసి నీళ్ళు చొరకుండా చేసే పని అతనికి వచ్చు. అయితే న్యూ బెడ్‌ఫర్డ్ వెళ్ళు, పని దొరుకుతుందన్నారు. దారిలో గుర్రబ్బండి చార్జీకి డబ్బుల్లేవు. బండివాడు సామాను పట్టుకుని ఇవ్వనన్నాడు. ఈ ఇంటి యజమాని రెండు డాలర్లు అప్పిచ్చి విడిపించాడు.

మర్నాడు పొద్దున టిఫిను దగ్గర పేరు సంగతి వచ్చింది. ఊళ్ళో జాన్సన్లు ఎక్కువైపోయారు, ఎవరు ఎవరో తెలియట్లేదు. నువ్వే ఒక పేరు పెట్టు అన్నాడు అతిథి. కానీ ఫ్రెడరిక్ మాత్రం తియ్యొద్దు, అది నాకు ఉండాలి అని షరతు పెట్టాడు. నేథన్ జాన్సన్ అప్పుడే వాల్టర్ స్కాట్ కావ్యం "లేడీ ఆఫ్ ది లేక్" చదువుతున్నాడు. అందులోంచి డగ్లస్ అని తీసిచ్చాడు. ఫ్రెడరిక్ డగ్లస్ పుట్టింది అలా, రెండు ఎస్‌లతో.

ఇక్కడ ఆవిడ ఫైలు మూసి, "ఊరు ఆయనకి స్వేచ్ఛ ఇచ్చింది, పని మాత్రం ఇవ్వలేదు" అంది. ఓడ దగ్గరికి పనికెళితే, ఇతను చెయ్యివేస్తే తెల్లపనివాళ్ళంతా మానేసి పోతారన్నారు. రోజుకి రెండు డాలర్ల నేర్పున్న పని వదిలి ఒక డాలరు కూలికి బొగ్గు మోశాడు, నూనె పీపాలు ఎత్తాడు. మెల్విల్ ఓడెక్కిన ఆ చలికాలంలో డగ్లస్ ఇదే ఊళ్ళో ఉన్నాడు. ఇద్దరూ ఇదే వీధిలో ఎదురుపడి ఉండొచ్చు. 1841 ఆగస్టులో నాంటకెట్‌లో లేచి మాట్లాడాడు. 1845లో సొంత కథ అచ్చువేశాడు, తన యజమాని పేరుతో సహా. దాక్కోడానికి మార్చుకున్న పేరు ఆ పుస్తకంతో ఊరూవాడా తెలిసిపోయింది.

ఆ ఇంటికి ఎదురుగా చిన్న పార్కులో కుర్ర డగ్లస్ విగ్రహం ఉంది. మా అమ్మాయి దాని పక్కన నిలబడి, "నాన్నా, మరి నువ్వు ఫారంలో ఏం రాస్తున్నావు?" అంది. తేలలేదన్నాను.

ఆయన గోడు నా గోడు ఒకటేనని చెప్పేంత బుద్ధితక్కువ నాకు లేదు. ఆయన ప్రాణం కాపాడుకోడానికి మార్చుకున్నాడు, నేను మీటింగులో అయిదు నిమిషాలు మిగుల్చుకోడానికి. కాకపోతే కారులో తిరిగొస్తూ ఆయన పెట్టిన షరతు గురించే ఆలోచించాను. ఇంటిపేరు ఎవరో ఇచ్చినా పర్వాలేదన్నాడు, తనని పిలిచే పేరు మాత్రం వదల్లేదు. నేను చేస్తున్నది సరిగ్గా తిరగేసి. నన్నెవరూ పిలవని పేరుని ఇన్నేళ్ళు మోసి, దాన్నే చిన్నది చేసుకుందామని చూస్తున్నాను.

ఆ రాత్రి ఫారం తీసి "అవును" దగ్గర టిక్కు పెట్టాను. మొదటి పేరు గడిలో సుబ్బారావు అని రాశాను. వెంకట సత్య మధ్య గడిలోకి వెళ్ళారు. మా అమ్మకి ఫోన్ చేసి చెబితే, "మరి ఇన్నాళ్ళూ వాళ్ళు నిన్ను ఏమని పిలిచార్రా?" అని ఆశ్చర్యపోయింది.

టీములో మిత్రుడు ఇప్పుడు సూబరావ్ అంటున్నాడు. నేర్చుకుంటాడు లెండి.