నస్య సంస్కారం: 17, 18 శతాబ్దాల యూరపులో తేమ, పరిమళం

1. ఉపోద్ఘాతం

ముక్కుపొడిని తెలుగులో పొడుమనీ, నస్యమనీ వ్యవహరిస్తారు. నస్యమనే మాట మన దేశంలో పొగాకు కంటె పాతది. ఆయుర్వేదంలో ముక్కు ద్వారా ఔషధాన్ని ప్రయోగించే చికిత్సకు అది పేరు. అమెరికా ఖండం నుంచి వచ్చిన పొగాకు పొడికి ఆ చికిత్స పేరే స్థిరపడింది. యూరపులోనూ పొగాకు ఔషధమన్న ప్రతిష్ఠతోనే ప్రవేశించింది. పోర్చుగల్‌లో ఫ్రెంచి రాయబారిగా ఉన్న జాఁ నికో 1560 ప్రాంతంలో దానిని ఫ్రెంచి రాజాస్థానానికి పంపాడు. నికోటిన్ అన్న పదం అతని పేరు నుంచే ఏర్పడింది. ఔషధంగా వచ్చిన పొడి విలాసవస్తువుగా స్థిరపడడంలో తేమకు, పరిమళానికి ఉన్న పాత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఎండిపోవడమనే సమస్య

తొలినాళ్లలో నస్యం చాలావరకు పొడిగా అమ్ముడయ్యేది కాదు. తడిపిన ఆకులను బిగించి చుట్టి, తాడుతో కట్టి కడ్డీలుగా చేసేవారు. ఆకారాన్ని బట్టి వాటిని క్యారట్లు అనేవారు. వాడుకరి తన చిన్న తురుముపలకపై అవసరమైనంత మేరకే తురుముకునేవాడు. తురమడమనే అర్థమున్న ఫ్రెంచి క్రియ నుంచే ‘రాపీ’ అనే నస్యపు రకానికి పేరు వచ్చింది. కడ్డీ లోపలి ఆకు తేమను నిలుపుకుంటుంది. పొడి అయిన వెంటనే గాలి తగిలి త్వరగా ఆరిపోతుంది. మరీ ఆరిన పొడి గొంతులోకి ఎగజిమ్ముతుంది, మరీ తడిసినది ఉండకట్టి బూజు పడుతుంది. సిద్ధంగా నూరిన నస్యం అంగళ్లలో విస్తరించిన కొద్దీ ఈ రెండింటి నడుమ సమతుల్యాన్ని కాపాడుకోవడం కొన్నవారి బాధ్యత అయింది. బిగువైన మూత గల నస్యపు డబ్బీ అలంకారమే కాదు, తేమను కాపాడే సాధనం కూడా.

3. శుద్ధి, వాసన

సిమోన్ బార్బ్ 1693లో ప్రచురించిన ‘లె పర్ఫ్యూమర్ ఫ్రాన్స్వా’ (ఫ్రెంచి పరిమళకారుడు) గ్రంథం ఈ విద్యకు ముఖ్యమైన ఆధారం. పొగాకు పొడిని శుద్ధిచేసి, పలు సువాసనలు పట్టించే రహస్యం ఇందులో ఉందని ముఖపత్రమే ప్రకటిస్తుంది. ప్రభువర్గపు వినోదానికీ, మతజీవనంలో ఉన్నవారి ప్రయోజనానికీ, స్నానశాలల వారికీ, కృత్రిమకేశాలు చేసేవారికీ ఇది ఉద్దిష్టమని కూడా అక్కడే ఉంది. అంటే ఈ విద్య వృత్తికారులకే పరిమితం కాదు. వాడుకరి కూడా తయారీలో భాగస్వామి.

పద్ధతిలో రెండు దశలున్నాయి. మొదట పొడిని నీటితో కడిగి, ఆరబెట్టి, సహజమైన ఘాటును తగ్గించేవారు. తరువాత గులాబీ నీరు, నారింజపూల నీరు వంటివాటితో తడపడమో, మల్లెజాతి పూలతో పొరలుగా పేర్చి మూసి ఉంచడమో చేసేవారు. తాజా పూలు పరిమళంతోపాటు తేమనూ ఇస్తాయి. భారతదేశంలో నువ్వులను మల్లెలతో పొరలుగా పేర్చి, ఆ వాసన పట్టిన నువ్వుల నుంచి నూనె తీసే పద్ధతికి ఇది సన్నిహితం.

4. టోంకా గింజ

18వ శతాబ్దిలో దక్షిణ అమెరికా ఉత్తరభాగపు టోంకా గింజను డబ్బీలో వేసి ఉంచే అలవాటు వ్యాపించింది. దాని సుగంధానికి మూలమైన కూమరిన్‌ను 1820లో వేరుచేశారు. 1868లో విలియం పెర్కిన్ కృత్రిమంగా తయారుచేశాడు. డబ్బీలోని గింజ చేసిన పని క్రమంగా రసాయనశాల చేతికి వచ్చింది. ఈ వాణిజ్యంలో తెలుగునేలకూ జాడ ఉంది: లండన్ వర్తకులు అమ్మిన నస్యపు రకాలలో మచిలీపట్నం పేరు గలది ఒకటి.

5. ముగింపు

బార్బ్ చెప్పిన ‘శుద్ధి’ ఘాటును తగ్గించింది గాని పొగాకును నిరపాయం చేయలేదు. పొగరహిత పొగాకు మానవులలో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. చికిత్స పేరు, శుద్ధి అన్న మాట, పూల వాసన - ఈ మూడూ కలిసి వ్యసనానికి సంస్కారపు రూపమిచ్చాయి. అందువల్ల నస్యం చరిత్రను పన్నులు, ఎగుమతుల లెక్కలలోనే కాక, ఎండిన పొడిని తిరిగి తడిపిన ఇళ్లలోనూ వెదకవలసి ఉంది.