యుద్ధనౌకల బొమ్మలు – రైతు పద్దు

ఆదివారం ఉదయం అబిడ్స్‌లో రోడ్డు పక్కన పరిచే పాత పుస్తకాల్లో యుద్ధనౌకలు, యుద్ధవిమానాలు, పురాతన కట్టడాల బొమ్మలున్న సంపుటాలు అప్పుడప్పుడు దొరుకుతుంటాయి. మా విద్యార్థి ఒకడు వాటిని కొని, చూసి గీసిన బొమ్మల పుస్తకం ఆ మధ్య నాకు చూపించాడు. విమానం రెక్కల కొలత, నౌక మీది ఫిరంగుల అమరిక, కమానుల వంపు ఎక్కడా తప్పలేదు. కాని పుస్తకమంతా తిరగేసినా ఒక్క మనిషి కనపడలేదు. ఆ లోపం కుర్రవాడిది కాదు. ఆయుధాన్నీ కట్టడాన్నీ ప్రభువు కీర్తిగా మాత్రమే చూపించే సంప్రదాయం అతనికి ఆ చూపు నేర్పింది. ఈ సంగతి పరిశీలించడానికి మనం దూరం పోనక్కరలేదు.

అబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వైపు నడిస్తే గన్‌ఫౌండ్రీ వస్తుంది. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు. నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండ్ 1795లో నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా అది. ఆ శిథిలాలను గీయదలచిన చిత్రకారుడికి వెలుగునీడలకు కొదవ ఉండదు. అయితే ఆ గోడల వెనుక ఒక పద్దు ఉంది. 1798 మార్చిలో రేమాండ్ చనిపోయాడు. సెప్టెంబరులో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. అక్టోబరులో ఫ్రెంచి పటాలాల చేత ఆయుధాలు దించించారు. ఇక కంపెనీ సైన్యాన్ని పోషించడానికి నిజాం ఏటా 24 లక్షల రూపాయలకు పైగా చెల్లించాలి. 1800లో ఆ ఖర్చు కింద బళ్ళారి, కడప, అనంతపురం ప్రాంతాలనూ కర్నూలులో కొంత భాగాన్నీ కంపెనీకి రాసి ఇచ్చాడు. 1928లో రాయలసీమ అన్న పేరు పెట్టుకునేదాకా ఆ సీమను దత్తమండలాలనే పిలిచారు. ఒక సైన్యం జీతాల కోసం లక్షలాది రైతులు చేతులు మారారు. వారిని అడిగినవారు లేరు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇదే కథ ఆకాశానికెక్కింది. 1918లో నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఎ బాంబర్లు సమకూరాయి. ఆ దళానికి హైదరాబాద్ పేరు పెట్టారు; విమానాల మీద అవి నిజాం కానుక అని రంగుతో రాశారు. 1918 అక్టోబరు 5న జర్మన్లకు చిక్కిన ఒక విమానం చేతులు మారి, చివరికి లండన్‌లోని వైమానిక దళ మ్యూజియం చేరింది. దాని మీద హైదరాబాద్ పేరు నేటికీ చదవవచ్చు. ఆ కుంచె దాత పేరు రాసింది. ఆ దాతకు శిస్తు కట్టినవాడి పేరు రాయలేదు.

రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లు కూడా హైదరాబాద్ పేరుతో 1940లో బ్రిటన్ గగనతలంలో పోరాడాయి. నిజాం ధన సహాయంతో తయారై, 1941 జనవరిలో ఆస్ట్రేలియా నౌకాదళంలో చేరిన డిస్ట్రాయర్‌కు ‘నిజాం’ అనే పేరు పెట్టారు. అది క్రీటు నుంచి సైనికులను తరలించింది. ముట్టడిలో ఉన్న టోబ్రుక్‌కు సరఫరాలు చేరవేసింది. 1945 సెప్టెంబరులో జపాను లొంగిపోయినప్పుడు టోక్యో అఖాతంలో ఉంది.

ఇక్కడ మనం తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఫాసిజం ఓడడం మానవజాతికి అవసరం. ఆ నౌక మీద, ఆ విమానాల్లో ప్రాణాలొడ్డినవారిని చిన్నచూపు చూడడం అభ్యుదయం కాదు. కాని ఆ పోరాటానికి పేరిచ్చిన రాజ్యంలో ప్రజలకు ఏ హక్కులున్నాయి? సంస్థానంలో సుమారు 60 శాతం భూమి దివానీ కింద, 30 శాతం జాగీర్ల కింద, 10 శాతం నిజాం సొంత సర్ఫెఖాస్ కింద ఉండేది. రైతు లెవీ ధాన్యం కొలిచాడు; దొరగడీలో వెట్టి చేశాడు. ‘నిజాం’ నౌక టోక్యో అఖాతంలో నిలిచిన పది నెలలకు, 1946 జులై 4న, కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగాడు. స్వేచ్ఛ కోసం సముద్రాల మీద పోరాడిన నౌక పేరూ, స్వేచ్ఛ అడిగినవాడు చనిపోయిన రాజ్యం ప్రభువు పేరూ ఒకటే. ఈ వైరుధ్యాన్ని చూడని చిత్రం ఎంత నిక్కచ్చిగా ఉన్నా సగం చిత్రమే.

పికాసో 1937లో వేసిన ‘గెర్నికా’ విమానదాడి గురించిన చిత్రం. అందులో విమానమే లేదు. చనిపోయిన బిడ్డతో తల్లి ఉంది, నేల మీద పడి ఉన్న యోధుడు ఉన్నాడు, విలవిలలాడే గుర్రం ఉంది. బాంబు ఎవరి మీద పడిందో చెప్పడానికి ఆయనకు రెక్కల కొలతలు అక్కరలేకపోయాయి.

అంతమాత్రాన నౌకలనూ విమానాలనూ గీయవద్దని నేను మా విద్యార్థికి చెప్పలేదు. కొలత తప్పకుండా గీయడం కూడా ఒక న్యాయమే. ఆ రేకులు బిగించినది, ఆ ఇటుకలు పేర్చినది శ్రామికుల చేతులే. వాటిని అలసత్వంతో గీస్తే వారి పనితనాన్నే అవమానించినట్లు. నేను అతన్ని కోరినది ఒక్కటే: బొమ్మ కింద సంతకం పెట్టేముందు, దీని ఖర్చు ఎవరు భరించారని తనను తాను అడగమని. పోయిన వారం అతను గన్‌ఫౌండ్రీ గోడను మళ్ళీ గీశాడు. ఈసారి గోడ ముందు కొలిమి ఉంది, కరిగిన లోహం మోస్తున్న ఇద్దరు మనుషులున్నారు. వారి ముఖాలు ఇంకా సరిగా కుదరలేదు. కుదిరేదాకా గీస్తానన్నాడు.